బోదెలో దొరికిన ఎండ్రకాయ: ఇది ఏ రకం? మంచినీళ్ళ అక్వేరియంలో బతుకుతుందా?

పటమట_నాన్న | జూన్ 28, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. ఆదివారం దుగ్గిరాల దగ్గర మా అత్తగారి ఊరు వెళ్ళాం. ఆరో తరగతి చదివే మా అబ్బాయి పొలం పక్క బోదెలో (చిన్న పిల్లకాలువలో) ఎండ్రకాయను పట్టుకుని, నాకు తెలియకుండా స్టీలు క్యారేజీలో పెట్టుకుని తెచ్చేశాడు. ఇంటికొచ్చాక మూత తీస్తే కదా తెలిసింది!

డిప్ప అడ్డంగా 4 సెంటీమీటర్లు ఉంటుంది. ముదురు తేనె రంగు, కాళ్ళ కీళ్ళ దగ్గర పసుపు. కుడి డెక్క పెద్దది, ఎడమది చిన్నది. ఎడమ వైపు ఒక కాలు లేదు. మావాడు లాగలేదట, దొరికినప్పుడే లేదట.

మా ఇంట్లో 2 అడుగుల అక్వేరియంలో గప్పీలు ఉన్నాయి. వేరే చోటు లేక నిన్న రాత్రి అందులోనే వేశాను. రాత్రంతా ఫిల్టర్ పైపు పట్టుకుని పైకెక్కి నీళ్ళ అంచున వేలాడింది, నోటి నుంచి నురగ వచ్చింది. పొద్దున చూస్తే రెండు గప్పీలు లేవు. చేపల షాపులో అడిగితే పీతకు ఉప్పు నీళ్ళు కావాలి, గుప్పెడు ఉప్పు వెయ్యమన్నారు. వెయ్యమంటారా? అసలు ఇది ఏ రకం? పెంచలేకపోతే వదిలేస్తాను. కానీ వదిలేద్దామంటేనే మావాడు ఏడుపు.

గాజుతొట్టి_గుంటూరు | జూన్ 28, రాత్రి 10:32

అన్నా, ఉప్పు మాత్రం వెయ్యొద్దు. ముందు దాన్ని బయటికి తీయండి. ఒక బకెట్‌లో రెండంగుళాల నీళ్ళు పోసి, నీళ్ళలోంచి పైకి వచ్చేలా ఒక ఇటుక పెట్టి అందులో ఉంచండి. మూత వేసి పైన బరువు పెట్టండి. గాలి ఆడాలి, కానీ అది దూరేంత సందు ఉండకూడదు.

పట్టుకునేటప్పుడు వెనక నుంచి, డిప్పకు రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలు వేసి ఎత్తండి. డెక్కలు వెనక్కి అందవు. కాలు పట్టుకుని ఎత్తితే ఆ కాలు తెంపుకుని పారిపోతుంది.

తర్వాత నాలుగు ఫొటోలు పెట్టండి: డిప్ప పై నుంచి, కళ్ళ పక్క అంచు దగ్గరగా, ఆఖరి జత కాళ్ళు, పొట్ట కింద భాగం.

నాగాయలంక_చెరువులు | జూన్ 28, రాత్రి 11:05

ఫొటోలు వచ్చేలోపు మీరే ఒకటి చూసి చెప్పొచ్చండీ. మేము ఉప్పునీటి చెరువుల్లో మండపీతలు పెంచుతాం, రోజూ చేత్తో పట్టుకునే పని. అన్నిటికన్నా వెనకున్న జత కాళ్ళ చివర చూడండి. తెడ్డులాగా చదునుగా ఉంటే ఈత పీత, అంటే ఉప్పునీళ్ళది. గోరులాగా మొనదేలి ఉంటే నడిచే జాతి.

రెండోది, కంటి పక్క నుంచి డిప్ప అంచు. మండపీతకు ఒక్కో వైపు 9 ముళ్ళు రంపంలాగా వరసగా ఉంటాయి. రెండు కళ్ళ మధ్య నుదుటి మీద ఇంకో నాలుగు. పిల్లకైనా అంతే. పొలం ఎండ్రకాయకు ఆ రంపం ఉండదు.

దుగ్గిరాల బోదె అంటున్నారు కాబట్టి నాకైతే మండపీత అనిపించడం లేదు. అది ఆటుపోట్లు తగిలే మడ అడవుల దగ్గర జీవి.

పటమట_నాన్న | జూన్ 29, ఉదయం 6:50

బకెట్‌లోకి మార్చాను. రాత్రంతా ఇటుక మీదే కూర్చుంది, ఈ పూట నురగ లేదు. ఫొటోలు పెట్టాను.

ఆఖరి కాళ్ళు మొనదేలే ఉన్నాయి. అంచు నాకు నున్నగానే కనబడింది. మావాడు మొబైల్ టార్చి వేసి చూసి, కంటి వెనక ఒక్కో వైపు ఒకే ఒక్క చిన్న ముల్లు ఉందంటున్నాడు. పొట్ట కింద మూత సన్నగా, కింద వెడల్పుగా మొదలై పైకి సన్నబడింది. లేని కాలు చోట చిన్న మొగ్గలాంటిది కనిపిస్తోంది.

జువాలజీ_మేడమ్ | జూన్ 29, సాయంత్రం 5:20

మీ అబ్బాయి కళ్ళకు నా అభినందనలు. కంటి వెనకున్న ఆ ఒక్క పన్నే మాకు క్లాసులో మొదట చూపించే గుర్తు.

ఇది మంచినీటి ఎండ్రకాయే, జెకార్సినూసిడే కుటుంబం. మన పొలాల్లో ఓజియోథెల్ఫూసా సెనెక్స్ బాగా కనిపిస్తుంది. బారిటెల్ఫూసా అనేది ఇంకా పెద్దది, ముదురు రంగు. సైజు, రంగు, డిప్ప ఆకారం బట్టి మీది ఓజియోథెల్ఫూసా అంటాను. జాతి పేరు ఖాయంగా చెప్పాలంటే మగదాని పొట్ట మూత కింద ఉండే మొదటి జత సన్నటి కాడల ఆకారం చూడాలి. బతికున్న దాన్ని దానికోసం హింసించొద్దు, ఇంత వరకు తెలిస్తే పెంచడానికి సరిపోతుంది. మూత సన్నగా ఉంది కాబట్టి మగది. ఆడదానికి మూత వెడల్పుగా, గుండ్రంగా పొట్టంతా కప్పేస్తుంది.

ఓజియోథెల్ఫూసా మన రాష్ట్రంలో జువాలజీ చదివిన చాలామందికి పాత పరిచయం. కుబుసం విడవడాన్ని ఆపి ఉంచే హార్మోను ఎండ్రకాయ కంటికాడలో ఉంటుంది. దాని మీద తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఈ ఎండ్రకాయతోనే ఎన్నో ప్రయోగాలు జరిగాయి.

సముద్రపు పీత గుడ్ల నుంచి కంటికి ఆననంత పిల్లలు పుట్టి, నీళ్ళలో తేలుతూ రూపాలు మార్చుకుంటాయి. అందుకే ఆడ మండపీత గుడ్లు వదలడానికి సముద్రంలోకి వెళ్తుంది. పొలం ఎండ్రకాయ అలా కాదు. పెద్ద పెద్ద గుడ్లు కొద్దిగా పెట్టి పొట్ట మూత కింద దాచుకుంటుంది, అందులోంచి నేరుగా బుల్లి ఎండ్రకాయలే వస్తాయి. దాని బతుకు మొత్తం ఉప్పు అవసరం లేకుండానే నడుస్తుంది.

ఆ మొగ్గ కొత్త కాలు. లోపల మడిచి పెట్టి ఉంటుంది, కుబుసం విడిచినప్పుడు విచ్చుకుంటుంది. రోజూ ఫొటో తీసి పెట్టుకోండి. మొగ్గ ఉబ్బుతోందంటే కుబుసం దగ్గర పడుతోందని అర్థం.

కొల్లిపర_రైతు | జూన్ 29, రాత్రి 8:40

నాకు ఈ శాస్త్రం తెలియదు గానీ ఎండ్రకాయతో నలభై ఏళ్ళ సావాసం. గట్టుకు బొక్క పెట్టిందంటే పొద్దునకి పై మడి నీళ్ళన్నీ కింది మడిలో ఉంటాయి. లేత నారు కొరికి పారేస్తుంది. కోపం వచ్చినా, అది లేని పొలం చూస్తే బాధగానే ఉంటుంది. మందులు ఎక్కువ కొట్టే చోట ముందు చచ్చేది అదే.

నేను చూసినంతలో ఎండ్రకాయ నీళ్ళలో ఉండేది తక్కువ. గట్టులో ఏటవాలుగా బొక్క తవ్వుకుంటుంది. ఆ బొక్క అడుగున నీళ్ళుంటాయి, నోరు పొడిగా ఉంటుంది. మధ్యాహ్నం చెయ్యి పెడితే లోపల చల్లగా ఉంటుంది. చీకటి పడ్డాక బొక్క మొహాన వచ్చి కూర్చుంటుంది, అడుగు చప్పుడైతే జర్రున లోపలికి. వేసవిలో కాలువ కట్టేస్తే బొక్క నోటికి మట్టి పూసేసుకుని అడుగున పడి ఉంటుంది, తొలకరికి మళ్ళీ బయటికొస్తుంది. మీరు దాన్ని నిండు నీళ్ళలో వేశారు, అందుకే పైపు పట్టుకుని వేలాడింది పాపం.

గాజుతొట్టి_గుంటూరు | జూన్ 29, రాత్రి 9:55

పెద్దాయన చెప్పిన బొక్కనే గాజుతొట్టిలో కట్టాలి అన్నా. మంచినీటి ఎండ్రకాయ అనగానే చేపలాగా నీళ్ళలో ఉంటుందనుకుంటారు, అక్కడే చాలామంది దెబ్బతింటారు. దానికి మొప్పలే ఉన్నా, అవి తడిగా ఉన్నంతసేపు గాలిలోని ఆక్సిజన్ కూడా తీసుకోగలదు. నిండు తొట్టిలో ఎక్కడా బయటికొచ్చే దారి లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఊపిరాడక చస్తుంది. బయటికొచ్చినప్పుడు మొప్పల గదిలో మిగిలిన నీళ్ళలోంచి గాలి ఆడితే ఆ నురగ వస్తుంది, అది జబ్బు కాదు.

గప్పీలకు వేరే చోటు చూడండి. రాత్రి నిద్రపోయే చేపను ఇది వదలదు, ఎన్ని వేసినా అంతే. 2 అడుగుల తొట్టి ఒక్క ఎండ్రకాయకు సరిపోతుంది. ఒక్కటే ఉంచండి, రెండుంటే కొట్టుకుంటాయి.

అడుగున కడిగిన ఏటి ఇసుక ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఏటవాలుగా పొయ్యండి. పల్లం వైపు నాలుగైదు అంగుళాల నీళ్ళు, మెరక వైపు తడి ఇసుక. మొత్తం 20 లీటర్ల లోపే పడతాయి. సగం పగిలిన పూలకుండీ ఒకటి నీళ్ళ అంచున బోర్లా పెట్టండి, సగం నీళ్ళలో, సగం బయట. అదే దాని ఇల్లు. కుండీని ముందు గాజు అడుగుకు ఆనించి, తర్వాత ఇసుక పొయ్యండి. ఇసుక మీద పెడితే అది తవ్వినప్పుడు కూలి మీద పడుతుంది.

ఫిల్టర్ విషయానికి వస్తే, ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చాలు. మీ గప్పీల తొట్టిలోని పాత స్పాంజ్ ఉంటే అదే వాడండి, అందులో మంచి బాక్టీరియా ఉంటుంది. కొత్త స్పాంజ్ అయితే అమ్మోనియా అదుపులోకి రావడానికి నెల పైన పడుతుంది, అప్పటిదాకా రెండు మూడు రోజులకోసారి మూడో వంతు నీళ్ళు మార్చాలి. పంపుల నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ చుక్కలు వేశాకే పొయ్యండి.

మూత. మూత. మూత. ఎయిర్ ట్యూబు వెళ్ళే సందు చాలు దానికి. ట్యూబు పట్టుకుని ఎక్కి వెళ్ళిపోతుంది. నాది ఒకటి అలాగే పోయింది, మూడో రోజు బీరువా వెనక ఎండిపోయి దొరికింది. ఇప్పటికీ ఆ మూల ఊడ్చేటప్పుడు గుర్తొస్తుంది. ఇనుప జల్లెడ కత్తిరించి, పైన రెండు టైల్స్ బరువు పెట్టండి.

తిండికి పెద్ద ఖర్చు లేదు. రాలి ఎండిన బాదం ఆకు ఒకటి ఎప్పుడూ తొట్టిలో ఉండాలి, అది దానికి అన్నం లాంటిది. బీరకాయ ముక్క, కారెట్, బఠాణీ, వారానికి రెండు సార్లు ఉప్పు పోయేలా నానబెట్టి కడిగిన ఎండు రొయ్య. అన్నం మెతుకులు వెయ్యొద్దు, నీళ్ళు పాడవుతాయి. తినగా మిగిలింది పొద్దున తీసెయ్యండి. డిప్ప గట్టిపడటానికి సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) ముక్క ఒకటి పడెయ్యండి, పక్షుల మేత అమ్మే చోట దొరుకుతుంది.

ఇంకొకటి చాలా ముఖ్యం. చేపల తెల్లమచ్చలకు వాడే మందుల్లో కొన్నింట్లో రాగి ఉంటుంది, అది ఎండ్రకాయకు విషం. ఆ మందు పడిన తొట్టి, వల, బకెట్ ఏవీ వాడొద్దు.

జువాలజీ_మేడమ్ | జూన్ 29, రాత్రి 10:20

దీనికి ఒకటి కలపాలి. దోమల మందు. కాయిల్స్‌లో, స్ప్రేల్లో ఉండే పైరెత్రాయిడ్ మందులు మనకు పెద్దగా హాని చెయ్యకపోవచ్చు గానీ రొయ్య, పీత జాతికి అతి కొద్ది మోతాదు కూడా ప్రాణాంతకం. ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్ళలోకి కొడుతుంది. తొట్టి ఉన్న గదిలో కాయిల్ వెలిగించొద్దు, దోమతెర కట్టుకోండి.

తొట్టిలో చెయ్యి పెట్టాక సబ్బుతో కడుక్కోవాలి, బాబుకు ముఖ్యంగా చెప్పండి. మంచినీటి ఎండ్రకాయల్లో ఊపిరితిత్తుల పురుగు ఉండే అవకాశం ఉంది. మణిపూర్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో పచ్చిగానో సగం ఉడికించో తిన్నవాళ్ళకు వస్తుంది, చాలాసార్లు క్షయ అని పొరబడతారు. మన వైపు జలుబుకని ఎండ్రకాయ పులుసు పెడతారు కదా, అది బాగా ఉడకాల్సిందే.

బందరుకాలువ_కుర్రాడు | జులై 1, మధ్యాహ్నం 2:10

అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను విజయవాడలో బీటెక్ చదువుతున్నా. మొన్న చేపల మార్కెట్‌లో తాళ్ళతో కట్టిన పెద్ద పీతలు బతికున్నవి చూశా. కూరకు చంపుతారని జాలేసి ఒకటి కొనుక్కొచ్చి తాళ్ళు విప్పి టబ్‌లో మంచినీళ్ళలో వేశా. ఆఖరి కాళ్ళు తెడ్లలాగా ఉన్నాయి, అంచుకు 9 ముళ్ళు లెక్కపెట్టా. కదలట్లేదు సరిగా.

నాగాయలంక_చెరువులు | జులై 1, మధ్యాహ్నం 2:45

తమ్ముడూ, అది మండపీతే. నీ మనసు మంచిదే గానీ దాన్ని మంచినీళ్ళలో ఉంచడమంటే మెల్లగా చంపడమే. తక్కువ ఉప్పును కొంతకాలం తట్టుకుంటుంది, దాంతో బాగానే ఉందని మనం మోసపోతాం. మేము పెంచే చెరువుల్లో లీటరుకు 10 నుంచి 25 గ్రాముల దాకా ఉప్పు ఉండేలా చూసుకుంటాం. వంటింటి ఉప్పు కలిపితే సముద్రపు నీళ్ళు అయిపోవు, మెగ్నీషియం, కాల్షియం అన్నీ ఉండాలి. అక్వేరియం షాపుల్లో సముద్రపు ఉప్పు అని విడిగా అమ్ముతారు. పైగా కిలో దాటి పెరిగే జీవి, హాస్టల్ గదిలో దానికి చోటెక్కడ?

ఇప్పటికి టబ్ నీళ్ళు తీసేసి తడి గోనెసంచి కప్పి చల్లటి చోట ఉంచు. తడిగా ఉంటే బయట కొన్ని రోజులు ఉండగలదు, అందుకే కట్టి అంత దూరం పంపుతారు. తాళ్ళు విప్పావు కాబట్టి వేలు జాగ్రత్త, పెద్ద మండపీత డెక్క ఎముక విరిచేస్తుంది. మా ఊరి నుంచి విజయవాడకు రోజూ బండి వస్తుంది. మెసేజ్ పెట్టు, నేను తెప్పించుకుని చెరువులో వేసుకుంటాను.

బందరుకాలువ_కుర్రాడు | జులై 2, రాత్రి 9:30

పంపించేశా అన్నా. గోనెసంచిలో పెట్టాక కాస్త కదిలింది. ఇంకో మాట, మా ఫ్రెండ్స్ సూర్యలంక బీచ్ నుంచి ఎర్ర పీతలు తెద్దామంటున్నారు, నేను వద్దని చెప్పేశా. సరేనా?

జువాలజీ_మేడమ్ | జులై 2, రాత్రి 9:50

చాలా మంచి పని చేశావు. అవి తడి ఇసుకలో లోతుగా బొరియలు చేసుకుని, అలల అంచున పరుగెత్తి బతికేవి. తొట్టి నీళ్ళలో ముంచితే ఊపిరాడదు. కృష్ణా అభయారణ్యం హద్దుల్లోంచి అయితే ఏ జీవినీ తేకూడదు, అది చట్టరీత్యా నేరం.

పటమట_నాన్న | జులై 11, రాత్రి 11:00

అన్నీ మీరు చెప్పినట్టే చేశాను. కుండీ కింద దూరింది, రాత్రిళ్ళు మెరక మీదికి వచ్చేది, బాదం ఆకును ఈనెలు మిగిల్చి తినేసింది. కానీ నాలుగు రోజులుగా ఏమీ ముట్టలేదు, బయటికి రావట్లేదు. రంగు మసకబారింది. పాత మొగ్గ ఉబ్బి తెల్లగా శనగగింజంత అయింది. టెన్షన్‌గా ఉంది. నీళ్ళన్నీ మార్చేయనా?

గాజుతొట్టి_గుంటూరు | జులై 11, రాత్రి 11:12

ఏదీ మార్చొద్దు, ఏదీ ముట్టుకోవద్దు. గదిలో కాయిల్ వెలిగించారా?

పటమట_నాన్న | జులై 11, రాత్రి 11:15

లేదు. మేడమ్ చెప్పిన రోజు నుంచి దోమతెరే.

గాజుతొట్టి_గుంటూరు | జులై 11, రాత్రి 11:18

అయితే భయం లేదు. లైటు వెయ్యకండి, తొట్టి గాజుకు ఒక గుడ్డ కప్పండి.

పటమట_నాన్న | జులై 14, ఉదయం 5:55

చచ్చిపోయింది. పల్లం వైపు కదలకుండా పడి ఉంది. గాజు మీద కొట్టినా చలనం లేదు. మావాడు ఇంకా లేవలేదు. వాడికి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

జువాలజీ_మేడమ్ | జులై 14, ఉదయం 6:10

ఆగండి, తీసి పారెయ్యొద్దు. వెనక వైపు, డిప్పకూ పొట్టకూ మధ్య చూడండి. అడ్డంగా విచ్చుకుని ఉందా? కళ్ళు గాజుపూసల్లా ఖాళీగా ఉన్నాయా? అలా ఉంటే కుండీ లోపలికి టార్చి వెయ్యండి, ఒక్క క్షణం మాత్రమే.

పటమట_నాన్న | జులై 14, ఉదయం 6:31

మేడమ్, బతికే ఉంది!

వెనక తెరిచిన పెట్టె మూతలాగా విచ్చుకుని ఉంది. లోపల ఏమీ లేదు, అటు నుంచి ఇటు కనిపిస్తోంది. కళ్ళ మీది పొర, నోటి దగ్గరి సన్నటి వెంట్రుకలు, ప్రతి కాలి గోరు, అన్నీ ఉన్నాయి, మనిషి చొక్కా విప్పి పెట్టినట్టు. కుండీలోకి టార్చి వేస్తే మూలన ఇంకో ఎండ్రకాయ. కొత్త డిప్ప లేత పసుపు, తడి కాగితంలా మెత్తగా కనిపించింది, అంగుళంలో మూడో వంతు పెద్దదైనట్టుంది. ఎడమ వైపు ఆ మొగ్గ చోట కాలు! మిగతావాటికన్నా పొట్టిగా, సన్నగా ఉంది, కానీ గోరుతో సహా పూర్తి కాలే.

మావాణ్ణి లేపి చూపించాను. ఇద్దరం నేల మీద కూర్చుని అలాగే ఉండిపోయాం.

జువాలజీ_మేడమ్ | జులై 14, ఉదయం 6:45

ఆ కుబుసం మగదానిది కాబట్టి, పొట్ట మూత ఎత్తితే నేను చెప్పిన కాడల పొర కూడా అందులో ఉంటుంది. జాతి ఖాయం చేసుకోవచ్చు. నాకు చాలా ఆశగా ఉంది. అయినా తీయొద్దనే చెబుతాను. దాన్ని తిని అందులోని కాల్షియంతోనే కొత్త డిప్ప గట్టి చేసుకుంటుంది. గాజు బయట నుంచి ఫొటో వస్తే చాలు.

గాజుతొట్టి_గుంటూరు | జులై 14, ఉదయం 7:20

వారం పాటు చెయ్యి పెట్టొద్దన్నా. ఇప్పుడు డెక్క కూడా మెత్తగానే ఉంటుంది, తనను తాను కాపాడుకోలేదు. తిండి తనే వచ్చి అడుగుతుంది.

పటమట_నాన్న | ఆగస్టు 2, రాత్రి 9:15

కాళ్ళ కుబుసమంతా తినేసింది, డిప్ప ఒక్కటి మిగిల్చింది. ఆరో రోజు రాత్రి బీరకాయ ముక్క లాక్కెళ్ళింది. మిగిలిన డిప్పను మావాడు ఆరబెట్టి అగ్గిపెట్టెలో పెట్టుకున్నాడు.

ఒక మాట అడగాలి. వచ్చే ఆదివారం ఊరు వెళ్తున్నాం, నాట్లు పడుతున్నాయి. పట్టుకున్న బోదెలోనే వదిలేద్దామా అని ఆలోచిస్తున్నాను. మావాడు కూడా ఈసారి ఏడవకుండా సరే అన్నాడు.

కొల్లిపర_రైతు | ఆగస్టు 2, రాత్రి 9:40

దాని చోటు అదే కదా బాబూ. మందు కొట్టని గట్టు చూసి వదలండి.

గాజుతొట్టి_గుంటూరు | ఆగస్టు 2, రాత్రి 10:05

పెద్దాయన మాట కాదంటున్నందుకు క్షమించాలి. అది ఒక రాత్రి షాపు గప్పీల నీళ్ళలో ఉంది, ఇప్పటికీ వాటి స్పాంజ్ మీదే నడుస్తోంది, ఆ సలహా నేనే ఇచ్చాను. షాపు చేపలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి, వాటితోపాటు ఏ పురుగు, ఏ రోగం వస్తుందో కంటికి కనబడదు. మన ఎండ్రకాయ దాన్ని మోసుకెళ్ళి బోదెలో వదిలితే అక్కడి వాటికి తట్టుకునే శక్తి ఉండదు. తెచ్చిన రోజే బకెట్ నుంచి నేరుగా వెనక్కి వెళ్ళి ఉంటే నేనూ వదలమనేవాణ్ణి.

జువాలజీ_మేడమ్ | ఆగస్టు 2, రాత్రి 10:30

నాదీ అదే మాట. ఇక దాని ఇల్లు పటమటే.

కొల్లిపర_రైతు | ఆగస్టు 3, ఉదయం 5:30

ఇది నేను ఆలోచించలేదు. మీరు చెప్పింది న్యాయం. అయితే ఆదివారం ఊరు వచ్చినప్పుడు బాబును మా పొలానికి తీసుకురండి, దుగ్గిరాల నుంచి ఎంతో దూరం లేదు. చీకటి పడ్డాక గట్టు మీద కూర్చుంటే బొక్కల్లోంచి అవే బయటికి వస్తాయి. పట్టుకోకుండా చూడటం నేర్పిస్తాను.

పటమట_నాన్న | ఆగస్టు 3, ఉదయం 7:05

తప్పకుండా వస్తామండీ. మావాడు ఇప్పుడే టార్చికి కొత్త బ్యాటరీలు అడుగుతున్నాడు.